ఉప్పు వద్దన్న కుండ

నాగస్తంభం నీడ మొసలిరాయి వైపు పాకుతోంది.

ఆ నీడ రాయిని తాకేలోగా పని పూర్తికావాలి. తాకిందంటే కంకాళ సిద్ధుడు తపస్సు చాలించి గుహలోంచి బయటికి వస్తాడు. స్తంభం మీద బంధించి ఉంచిన రాజకుమారి కువలయను రాతిబొమ్మగా మార్చి, తన మంటపానికి పదహారో కంబంగా నిలబెడతాడు. ఇప్పటికే ఉన్న పదిహేను కంబాలకూ ముఖాలున్నాయని జయంధరుడు విన్నాడు. పైన ఉన్నది అతని ఒక్కగానొక్క చెల్లెలు. అందుకే ఆ మధ్యాహ్నం హంసావతి యువరాజుకు కాలు ఒక్కచోట నిలవడం లేదు.

నాగస్తంభమంటే ఎవరో చెక్కి నిలబెట్టిన స్తంభం కాదు. సరస్సు ఒడ్డున నల్లత్రాచు పడగెత్తి ఆకాశాన్ని కాటు వేయబోయి, వేయకముందే శిలైపోయినట్లు నిలిచిన ఏకశిల అది. మూడువందల మూరల ఎత్తు. ఎండ తగిలితే నీలాలు పొదిగినట్లు మెరిసే పక్కలు, చీమ పాకినా జారిపడే నునుపు. పడగ మీద పాలరాతి మంటపం, దాని చుట్టూ ఎర్రతామరలు చెక్కిన పిట్టగోడ, గోడ మూలల్లో బంగారు చిరుగంటలు. గాలి వీచినప్పుడల్లా ఆ గంటలు గలగలమంటుంటే కింద నిలబడి వినేవాళ్ళకు అది దేవలోకంలా ఉంటుంది. పైన ఉన్న పిల్లకు ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు.

దానికి మెట్లు లేవు. కాపలాకు రెండు నిప్పుముక్కు గద్దలున్నాయి. సిద్ధుడి ఈల వింటే తప్ప అవి నేలమీదికి దిగవు. సిద్ధుడి శిష్యులు కప్పుకునే నల్ల ఉత్తరీయం కనిపిస్తే ఊరుకుంటాయి. మరేది పైకి వచ్చినా ముక్కుతో పొడిచి బూడిద చేస్తాయి.

అలాంటి నల్ల ఉత్తరీయమే ఇప్పుడు జయంధరుడి భుజాన ఉంది. పది రోజులు మూగశిష్యుడి వేషంలో గుహలో బూడిద ఎత్తి, ఆ ఉదయమే అతను సాహసం చేశాడు. కళ్ళు మూసుకుని కూర్చున్న సిద్ధుడి మోకాళ్ళ ముందునుంచి మెరుపురాళ్ళ జంటను తీసి, తెల్లరాయి ఉన్నచోట ఒక తెల్లవంకాయ, నల్లరాయి ఉన్నచోట ఒక నల్లవంకాయ పెట్టి, గుహలోంచి ఒకే పరుగున వచ్చిపడ్డాడు. సిద్ధుడు ఇంకా ఆ వంకాయలకే మంత్రాలు చదువుతున్నాడు.

రాళ్ళు దొరికాయి. మేనమామ కుంభగిరి రాజు తోడు పంపిన దళపతి రుద్రపాలుడు, అతని ఇరవైమంది భటులు సరస్సు ఒడ్డున సిద్ధంగా ఉన్నారు. అవిసెనూనె పట్టించిన పట్టుసంచి ఒకటి, పెద్ద ఏనుగుగున్న పట్టేంతది, రెల్లుదుబ్బుల చాటున ముడతలు పడి పడుకుని ఉంది. మూడువందల మూరల పట్టుదారం, దాని కొసకు సన్నతాడు, సన్నతాడు కొసకు మోకు. అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. అదేమిటో కూడా అతనికి తెలియదు.

గురువు శంఖపాదుడు కన్నుమూస్తూ ఇచ్చిన తాటాకును జయంధరుడు ఆ రోజు ఎన్నోసారో తీసి చదివాడు.

"మెరుపురాళ్ళను రాగితీగలతో రెండు బొగ్గుకడ్డీలకు ముడివేసి నీట నిలుపుము. నీరు రెండు గాలులుగా విడిపోవును. తెల్లరాతి కొసన లేచునది ఊపిరి నిలుపు గాలి. నల్లరాతి కొసన దానికి రెట్టింపుగా లేచునది తేలికగాలి. దానిని సంచిలో నింపిన సంచి ఆకాశమునకు పోవును. నిప్పు చూపిన భగ్గుమనును. రెండు గాలులను ఒక్క కుండలో చేరనీయకుము. అయితే ఒంటరి నీరు విడిపోదు. నీటికి తోడు కావలెను. ఆ తోడు..."

ఆ తోడు ఏమిటో చెద తినేసింది.

"ఏమైతే అదైంది, మొదలుపెట్టండి" అన్నాడు జయంధరుడు. రాజకుమారులకు కత్తి తిప్పడం నేర్పే గురువులు వందమంది దొరుకుతారు గాని, కుండలో నీళ్ళు ఎలా పోయాలో చెప్పేవాడు ఒక్కడూ దొరకడు. దొరికిన ఒక్కడూ తాటాకును చెదలకు వదిలేసి పోయాడు.

పెద్ద బాన నిండా సరస్సు నీళ్ళు పోశారు. రెండు కడ్డీలనూ అందులో నిలిపి, ఒక్కో కడ్డీ మీద ఒక్కో కుండ బోర్లించారు. నల్లరాతి వైపు కుండ అడుగున రంధ్రం చేసి, వెదురుగొట్టం బిగించి, దాని రెండో కొసను పట్టుసంచి మూతికి కట్టారు. తీగలు తగిలించారు. ఇరవైమందీ ఊపిరి బిగబట్టి వంగి చూశారు.

కడ్డీకి ఒక బుడగ అంటుకుంది. చాలాసేపు ఆలోచించి పైకి వెళ్ళింది. దాని తర్వాత ఇంకొకటి.

"ఈ లెక్కన సంచి నిండేసరికి మన మనవలకు పెళ్ళిళ్ళవుతాయి" అన్నాడు జయంధరుడు. తలెత్తి చూశాడు. నీడ ఇంకో జానెడు జరిగింది.

రుద్రపాలుడు ముందుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, గుమ్మడికాయంత తల, గడ్డంలో సగం నెరిసింది. యుద్ధంలో వెన్ను చూపనివాడని కుంభగిరిలో పిల్లల్ని అడిగినా చెబుతారు. అతని నడుముకు, అతని భటులందరి నడుములకూ, తోలుతో కుట్టిన చిన్న తిత్తి వేలాడుతూ ఉంటుంది. అందులో రాజుగారి ఉప్పు.

"యువరాజా, తప్పు మనదే. రాజకార్యం మొదలుపెడుతూ ఉప్పు వెయ్యలేదు" అన్నాడతను. "మా కుంభగిరిలో కోటకు పునాది తీసినా, ఏనుగుకు మావటిని పెట్టినా, ముందు తలా ఒక పిడికెడు రాజుగారి ఉప్పు పడాలి. ఉప్పు పడని పని ఒడ్డు చేరదు. తోడు తోడు అని ఆకులో రాసింది ఇదేనేమో!"

జయంధరుడికి మాట నచ్చింది. ఉప్పు కరిగిన నీళ్ళు వేరుగా ఉంటాయని ఎవరికి తెలియదు? "వెయ్యండి!" అన్నాడు.

ఇరవైమందీ వరసగా వచ్చి తలా ఒక పిడికెడు వేశారు. తీగలు తగిలించారు.

బాన ఒక్కసారి మేలుకుంది. రెండు కుండల కిందా తెల్లటి నురగలా బుడగలు సుళ్ళు తిరిగాయి. పట్టుసంచి మూతి దగ్గర ముడత ఒకటి విచ్చుకుంది. భటులు కేకలు వేశారు. రుద్రపాలుడి ముఖం పండగ ముఖమైంది. జయంధరుడు గెంతులేశాడు. యువరాజు గెంతకూడదని ఎక్కడా రాసి లేదు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తెల్లరాతి వైపు కుండ అంచులోంచి ఆకుపచ్చ కలిసిన పసుపుపొగ జారి నేలబారుగా పాకింది. దగ్గరగా వంగి ఉన్న ఇద్దరు భటులు గొంతులు పట్టుకున్నారు. ముక్కులో మిరపపొడి కూరినట్లు ఘాటు. ఒకడు మోకాళ్ళ మీద కూలాడు, రెండోవాడు వెల్లకిలా పడిపోయాడు. జయంధరుడి కళ్ళు నీళ్ళతో నిండిపోయి తీగలు కనిపించలేదు. తడుముకుంటూ లాగేశాడు.

"గాలికి ఎదురుగా లాక్కురండయ్యా ఆళ్ళని! ఎనక్కి కాదు, ఇట్టా, ఇట్టా!"

ఎవరిదో ముసలి గొంతు. చాకిరేవు బండల దగ్గరనుంచి ఒక అవ్వ తడిబట్టలు చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. భటుల ముఖాల మీద తడిబట్టలు కప్పి, ఇద్దరినీ కాళ్ళు పట్టి గాలికి ఎదురుగా మెరక మీదికి ఈడ్చింది. కాసేపటికి ఇద్దరూ దగ్గడం మొదలుపెట్టారు. దగ్గుతున్నారంటే బతికినట్టే.

"ఎవరు నువ్వు?" అన్నాడు రుద్రపాలుడు.

"పోలి అంటారు దొరా. ఈ రేవులో బట్టలుతికేదాన్ని. మీరు దుబ్బుల చాటున దాక్కోని ఉండారనే గానీ, పొద్దున్నుంచీ మిమ్మల్ని చూస్తానే ఉండా."

"ఇది రాజకార్యం. దూరంగా పో."

పోలి అవ్వ నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడే గొంతుక్కూర్చుంది. ఆమె దృష్టిలో అది దూరమే.

రుద్రపాలుడు నుదురు తుడుచుకున్నాడు. "ఇది సిద్ధుడి శాపం యువరాజా. ఉప్పు తప్పు కాదు" అన్నాడు మొండిగా.

జయంధరుడికి వాదించే తీరిక లేదు. ఉప్పునీళ్ళు పారబోయించి బానను తోమించాడు. ఇంకేం ఉంది? భటుల అంబలికుండలో మూడునాళ్ళుగా పులిసిన గంజి ఉంది. పుల్లటి వస్తువులు ఇత్తడినే కొరుకుతాయి కదా, నీటిని కొరకవా అనుకున్నాడు. తేట వంచి పోయించాడు. బుడగలు వచ్చాయి. విషపు పొగ లేదు. కాని బుడగల్లో చేవ లేదు. పొద్దున లేచి బద్ధకంగా ఒళ్ళు విరుచుకునే మనిషిలా ఒక్కొక్కటి తీరుబడిగా పైకి తేలాయి. పట్టుసంచిలో విచ్చుకున్న ముడత విచ్చుకున్నచోటే ఉండిపోయింది.

నీడ మొసలిరాయికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

జయంధరుడు బాన చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. పైన మంటపం పిట్టగోడ మీద ఒక చిన్న తెల్లచుక్క కనిపించింది. కువలయ చెయ్యి. చిన్నప్పుడు హంసావతి కోటగోడ మీదనుంచి మామిడితోపులోకి దిగడానికి అన్నాచెల్లెళ్ళకు ఒక దొంగతాడు ఉండేది. ముందు దిగినవాళ్ళు తాడును మూడుసార్లు లాగితే "రా" అని. రెండుసార్లు లాగితే "వద్దు, తోటమాలి ఉన్నాడు" అని. కువలయ రెండుసార్లు లాగిన ప్రతిసారీ జయంధరుడు దిగేవాడు. ఇద్దరూ కలిసి దెబ్బలు తినేవారు.

"ఏం కావాలి నాయనా నీకు?" అంది పోలి అవ్వ కూర్చున్నచోటు నుంచే.

"నీళ్ళు రెండు గాలులుగా విడిపోవాలి అవ్వా. వేగంగా విడిపోవాలి. విషం పుట్టకూడదు." చెబుతూ చెబుతూ ఉండగానే ఆకులోని తోడు ఎలాంటిదో అతనికి తట్టింది. "ఉప్పు నీటికి తోడు వెళ్ళి దారిలో తానే విడిపోయింది, లోపలున్న విషం బయటపెట్టింది. గంజి విడిపోలేదు గాని దానికి నడిచే ఓపిక లేదు. చివరిదాకా తోడుగా నడిచేది, తాను మాత్రం చెడనిది కావాలి నాకు."

"అయితే చౌడు ఎయ్యి."

"ఏమిటి?"

"చౌడు నాయనా, చౌడు! మా బట్టలకేసేది. రేగడి బీళ్ళలో ఎండకు తెల్లగా పూసుద్ది సూడు, ఆ మన్ను. నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, ఆ తేట ఎండబెడితే ఇదిగో, ఇట్టా తెల్లటి పొడి." మూట విప్పి చూపించింది. "నలభై ఏండ్లుగా బానలో ఇదే ఏసి బట్టలు ఉడకబెడతా ఉండా. ఆ ఆవిరంతా నా ముక్కులోకే. నా పాణం తియ్యలా. మురికినీ బట్టనీ విడదీసేది, నీళ్ళని విడదియ్యదా?"

"బట్టలుతికే మన్నుతో రాజకార్యమా?" అన్నాడు రుద్రపాలుడు.

"రాజుగారి పంచె తెల్లగా ఉండేది దేంతో అనుకుంటివి దొరా?"

జయంధరుడు మూటలోంచి సగం పొడి తీసుకుని బానలో వేశాడు. నీళ్ళు వేళ్ళకు జారుడుగా తగిలాయి. "ఎక్కువ పొయ్యమాక, చేతులు కొరుకుద్ది" అంది అవ్వ. కడ్డీలు నిలిపాడు. అవ్వ మెరక మీద వదిలిన తడిబట్టల కోసం పోయింది. అతను సంచి మూతి ముడి మరోసారి చూసుకురావడానికి దుబ్బుల్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చి తీగలు తగిలించాడు.

బుడగలు లేచాయి, పోటీలు పడి లేచాయి. ఆ వెనకే అదే ఘాటు. అదే మిరపపొడి.

తీగలు లాగి పారేసి జయంధరుడు నేలమీద కూలబడ్డాడు. చౌడు కూడా విషమే! ఇంక మిగిలింది ఏమిటి? నీడ పన్నెండు అడుగుల్లో ఉంది. అతనికి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

కత్తి ఒరలోంచి వచ్చిన చప్పుడైంది. "ఇది సిద్ధుడు పెట్టిన గూఢచారి" అన్నాడు రుద్రపాలుడు. అతని కత్తికొన అవ్వ మెడ దగ్గర ఉంది. "రాజుగారి ఉప్పు తిననివాళ్ళను నమ్మితే ఇంతే యువరాజా. వీళ్ళకు ప్రమాణం లేదు, కట్టుబాటు లేదు."

"మాకు మీ ఉప్పు ఎవురు పెట్టినారు దొరా, తినకపోవడానికి?" అంది పోలి అవ్వ. "నరికేముందు ఆ నీళ్ళు ఒక్క చుక్క నాలిక మీద ఏసుకోనీ. మా చౌడు మేం అట్టనే ఏరతాం. నాలిక మీద జారితే మంచిది. ఉప్పగా ఉంటే ఆడనే పారేస్తాం, ఉప్పుచౌడు బట్టని కుళ్ళబెడతాది. నా మూటలో ఉప్పుచౌడు ఒక్క పలుకు ఉంటే నా తల తీసుకో."

కత్తి కింద నుంచే వంగి బానలో వేలు ముంచింది. నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మేసింది. తర్వాత మూటలో మిగిలిన పొడి నుంచి రవ్వంత తీసి జయంధరుడి అరచేతిలో పెట్టింది. "నువ్వే సూడు నాయనా. ముందు పొడి. తర్వాత నీళ్ళు."

పొడి నాలుక మీద కుంకుడురసంలా జారింది. నీళ్ళు మాత్రం సముద్రంలా ఉన్నాయి.

జయంధరుడు నెమ్మదిగా లేచాడు. భటుల వంక చూశాడు. ఇందాక ఉప్పు వేసినప్పుడు సగానికి తగ్గిన తిత్తులు ఇప్పుడు ఇరవై నడుముల మీదా ఎండిన చిక్కుడుకాయల్లా వేలాడుతున్నాయి. ఒక్కదానిలోనూ పలుకు లేదు. ఒక్క భటుడూ అతని కళ్ళలోకి చూడలేదు.

"రుద్రపాలా" అన్నాడు.

దళపతి కత్తి దించాడు. అబద్ధమాడే అలవాటు లేని మనిషికి ఆ క్షణం చాలా కష్టంగా గడిచింది. "మీరు దుబ్బుల్లోకి వెళ్ళినప్పుడు వేశాం యువరాజా. అందరం. ఎవరికి వారే, ఒకరు చూడకుండా ఒకరు. నేనే ముందు వేశాను." గడ్డం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీ చెల్లెలు మా రాజుగారి మేనకోడలు. ఆవిడ కోసం చేసే పనిలో ఉప్పు వెయ్యకుండా నిలబడితే, ఆవిడకు ఏమైనా అయితే, అది నా వల్లే అనిపించింది. భయమేసింది. యుద్ధంలో వెయ్యలేదు గాని, ఇప్పుడు వేసింది."

జయంధరుడికి ఒళ్ళు మండిపోయింది. అరవబోయాడు. కాని ఆ పెద్దమనిషి ముఖం చూస్తే అరుపు రాలేదు. పైగా అరిచే సమయం లేదు. ఇప్పుడు వద్దని చెప్పినా, వీళ్ళలో ఒక్కడు భయపడి ఇంకెక్కడినుంచో ఒక పిడికెడు తెచ్చాడంటే కువలయ పని అయిపోయినట్టే. వీళ్ళ ఉప్పుకు ఎక్కడో ఒక చోటు చూపించాలి.

"నీ తిత్తి దులిపితే ఒక పలుకు వస్తుందా?" అని అడిగాడు.

రుద్రపాలుడు తిత్తిని తిరగేసి దులిపాడు. అతుకుల్లో ఇరుక్కున్న మూడు పలుకులు అతని అరచేతిలో పడ్డాయి.

"నా నోట్లో వెయ్యి" అన్నాడు జయంధరుడు. "పని చేసేది కుండ కాదు, నేను. ప్రమాణం నాది. ఉప్పు నాలో ఉంటుంది, కుండలో ఉండదు. చాలా?"

రుద్రపాలుడు చాలాసేపు ఆలోచించలేదు. ఆ పలుకుల్ని యువరాజు నాలుక మీద పెట్టాడు. తర్వాత తిరిగి భటుల వైపు చూసి ఉరుములా అరిచాడు: "ఉప్పు పడింది! ఇక ఎవడైనా ఆ బాన దరిదాపులకు వచ్చాడో, చెయ్యి నరుకుతా!"

బానను మూడుసార్లు కడిగారు. కడ్డీలను కూడా కడిగించింది అవ్వ. మిగిలిన చౌడంతా పోసింది. తీగలు తగిలించారు.

బాన మళ్ళీ మేలుకుంది. ఈసారి పొగ లేదు, ఘాటు లేదు. తెల్లరాతి కుండ అంచు దగ్గర అవ్వ ముక్కు పెట్టి చూసి, "వానొచ్చిపోయినాక వీచే గాలిలా ఉంది" అంది. నల్లరాతి కుండలో దానికి రెట్టింపు వేగంతో బుడగలు తన్నుకొచ్చాయి. పట్టుసంచి ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంది. పక్కకు దొర్లింది, లేచి కూర్చుంది. ఆ తర్వాత నలుగురు భటులు తాళ్ళు పట్టి ఆపితే తప్ప ఆగలేదు. మెరుపురాళ్ళు చేతులు కాలేంత వేడెక్కాయి. నీడ మొసలిరాయికి ఆరడుగుల్లో ఉంది. అయిదు. నాలుగు.

"నిప్పు ఎక్కడా లేకుండా చూడండి!" అని అరిచి జయంధరుడు సంచి మూతి బిగించి కట్టాడు. దారం ముడివేశాడు. తలెత్తి చూసి ఆగిపోయాడు. నిప్పులు కారే రెండు ముక్కులు స్తంభం చుట్టూ గిరికీలు కొడుతున్నాయి. నిప్పు కింద లేదు, పైనే ఉంది. ఇంత కష్టపడి నింపిన తేలికగాలి సరిగ్గా ఆ ముక్కుల దగ్గరికే పోతోంది.

తన భుజం మీది నల్ల ఉత్తరీయం చూసుకున్నాడు. మరుక్షణం దాన్ని తీసి సంచికి కప్పి, కొసలు కింద ముడివేశాడు.

"వదలండి!"

తలా కాళ్ళూ లేని లావుపాటి శిష్యుడొకడు ఆకాశంలోకి బయలుదేరాడు. ఆ పరిస్థితిలో కూడా ఇద్దరు భటులు నవ్వు ఆపుకోలేకపోయారు. దారం సర్రుమని చుట్టలోంచి పరుగెత్తింది. వంద మూరలు. రెండు వందలు. గద్దలు దగ్గరికి వచ్చాయి. మెడలు వంచి చూశాయి. ఇలాంటి శిష్యుణ్ణి అవి ఎన్నడూ చూడలేదు. కాని ఉత్తరీయం తెలిసినదే. అనుమానంగా పక్కపక్కనే ఎగురుతూ పైదాకా సాగనంపాయి.

పిట్టగోడ దగ్గర తెల్లచెయ్యి చాచుకుంది, వెనక్కి పోయింది. నల్ల ఉత్తరీయం చూసి భయపడి ఉంటుంది. "దారం చూడవే, దారం!" అని జయంధరుడు పళ్ళ మధ్య నుంచి అన్నాడు. చెయ్యి మళ్ళీ వచ్చింది. దారం అందుకుంది.

సన్నతాడు పైకి పాకింది, దాని వెంట మోకు. కువలయ ఎక్కడో బిగించి కట్టినట్టుంది, మోకు కింద ఒక్కసారి బిర్రుగా అయింది. తర్వాత మూడు లాగులు.

రా.

జయంధరుడు మోకు అందుకుని ఎగబాకాడు. పది మూరలు, ఇరవై, ముప్పై. పైన కువలయ సంచిని తోసేసింది. గాలికి కొట్టుకుంటూ పోతున్న సంచి మీదనుంచి నల్ల ఉత్తరీయం జారిపడింది. శిష్యుడు కాదని అప్పుడు తెలిసింది గద్దలకు. ఒకటి కోపంతో దూసుకుపోయి ముక్కుతో పొడిచింది.

ఆకాశం భళ్ళుమంది. నారింజరంగు మంట గుమ్మటంలా విచ్చుకుని మాయమైంది. ఈకలు కాలుతూ ఆ గద్ద సరస్సులో పడింది. బంగారు గంటలన్నీ ఒకేసారి మోగాయి.

రెండో గద్ద మిగిలింది. దానికి ఇప్పుడు మోకు మీద పాకుతున్న మనిషి కనిపించాడు. ఉత్తరీయం లేని మనిషి. రెక్కలు ముడిచి బాణంలా దిగింది. జయంధరుడు ఒక చేత్తో మోకు పట్టుకుని రెండో చేత్తో కత్తి దూశాడు. దాని ముక్కు వేడి అతని చెంపకు తగిలింది.

అంతలో గుహ వైపు నుంచి సన్నటి ఈల వినిపించింది.

గద్ద గాలిలోనే తిరిగిపోయింది. అతణ్ణి వదిలేసి గుహ వైపు ఎగిరిపోయింది. కింద భటులు జయజయధ్వానాలు చేశారు. జయంధరుడు కత్తి ఒరలో పెట్టి, ఊపిరి పీల్చి, మళ్ళీ పాకాడు. వంద మూరలు. నోట్లో ఉప్పు ఇంకా కరుగుతూనే ఉంది. నూటయాభై.

"యువరాజా!" రుద్రపాలుడి కేక. అందులో జయం లేదు. "నీడ! నీడ ఎప్పుడో రాయిని తాకేసింది! దిగిపోండి!"

"నాయనా, గద్ద మీద ఎవురో ఉండారు!" అని పోలి అవ్వ గొంతు. "నీ ఎనకమాల నుంచి పైకి పోయినాడు!"

తలెత్తాడు. గద్ద రెక్కల నీడ మంటపం మీద పడి లోపలికి మాయమైంది. గంటలు ఆగిపోయాయి. పిట్టగోడ మీద తెల్లచెయ్యి లేదు.

అతని పిడికిళ్ళలో మోకు కదిలింది. పైనుంచి ఎవరో లాగారు. ఒకసారి. మరోసారి.

జయంధరుడు మూడోదాని కోసం ఆగాడు. రాలేదు.

నాలుక మీద మిగిలిన ఆఖరి ఉప్పుపలుకును మింగి, అతను పైకే పాకాడు.